రెండో చెయ్యి

గూడూరు స్టేషను రోడ్డులో ఉన్న ఆ స్కానింగ్ సెంటరుకి వచ్చే ఆడవాళ్ళకి రెండు సంగతులు ముందే తెలిసిపోతాయి. కడుపులో ఉన్నది ఆడో మగో అడగకూడదు, ఆ మాట గోడ మీద ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. స్కాన్ చేస్తున్నంతసేపూ డాక్టర్ సాహిరా నోరు విప్పదు, ఆ మాట నర్సు రెబెక్కమ్మ చెబుతుంది. "మేడం మాట్లాడలేదని భయపడబాకండి. ఆమెకి చెయ్యి పని చేసేటప్పుడు నోరు పని చెయ్యదు, అంతే," అంటుంది పొట్ట మీద జెల్లు రాస్తూ. ఎంత బెదిరిపోయి వచ్చిన మనిషైనా ఆ మాటకి కాస్త నవ్వుతుంది. మంగళవారం పొద్దున వచ్చిన కామాక్షి మాత్రం నవ్వలేదు.

ఆమెకి ఇరవై రెండో వారం. కావలిలో పుట్టింటి దగ్గర చేయించిన స్కానులో బిడ్డ తలలో ఏదో తేడా ఉందన్నారు. ఉమ్మనీరు తీసి పరీక్షకు పంపితే అందులో ఏ దోషమూ లేదని వచ్చింది. అయినా తలలో తేడా అలాగే ఉంది. ఇంకొకసారి చూసి తేల్చమని సాహిరా దగ్గరికి పంపారు.

సాహిరా ప్రోబు పొట్టకి ఆనించి తెర వైపు తిరిగింది. బిడ్డ వీపు ఇటు తిప్పి ముడుచుకుని పడుకుని ఉంది. కామాక్షిని ఎడమ పక్కకి ఒత్తిగిలమని సైగ చేసి, పొట్టని వేళ్ళతో మెల్లగా కదిపి, బిడ్డ తల తిప్పేదాకా ఓపికగా కాచుకుంది. తల తిరిగింది. నుదుటి వెనక, మెదడు రెండు సగాల మధ్య, ఈ పాటికి చిన్న పెట్టెలాంటి ఖాళీ ఒకటి కనపడాలి. అది లేదు. నీటి గదులు ముందు సన్నగా, వెనక ఉబ్బుగా, కన్నీటి చుక్కల్లా ఉన్నాయి. రక్తం పారే దారి చూపించే రంగుల మీట నొక్కింది. రెండు సగాలనీ కలిపే నరాల వంతెన మీదుగా కొడవలిలా వంగి పోవలసిన రక్తనాళం వంగలేదు. తిన్నగా పైకి పోయి కొమ్మలుగా చీలిపోయింది. వంతెనే లేనప్పుడు అది దేని మీద వంగుతుంది?

ఆ తర్వాత సాహిరా గుండె చూసింది. వెన్ను పూసలు ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. పెదవులు, వేళ్ళు, చిన్నమెదడు, అన్నీ చూసింది. ఎక్కడా వేలు పెట్టి చూపడానికి ఏమీ దొరకలేదు. ఆ వంతెన ఒక్కటి లేదు, అంతే.

చేతులు తుడుచుకుని బయటికి వచ్చింది. ఇలాంటి కబురు ముందు మగమనిషికి చెప్పడం ఆమె తన పెద్ద డాక్టర్ల దగ్గర చూసి నేర్చుకున్న పద్ధతి. అది సరైనదా కాదా అని ఇన్నాళ్ళలో ఎప్పుడూ ఆలోచించలేదు. వరండాలో కామాక్షి మొగుడు పెంచలకృష్ణ నిలబడి ఉన్నాడు. నిమ్మకాయల వ్యాపారి, ముప్పై దాటిన మనిషి, ఎడమ చెయ్యి మొత్తం కప్పేస్తూ భుజం మీద నుంచి పెద్ద తువ్వాలు వేలాడుతోంది. పక్కన బెంచీ మీద అతని తల్లి రాఘవమ్మ కూర్చుని ఉంది.

"మెదడులో రెండు సగాలనీ కలిపే వంతెన ఒకటి ఉంటుంది. బిడ్డకి అది ఏర్పడలేదు," అంది సాహిరా.

"బతకతాదా డాక్టరమ్మా?"

"బతుకుతుంది. ఇట్లాంటి పిల్లల్లో చాలామంది మామూలుగానే పెరుగుతారు. కొందరికి నడక, మాట, చదువు కష్టమవుతాయి. ఏ బిడ్డ ఎటు పోతుందో ఈ బొమ్మ చూసి చెప్పలేం."

పెంచలకృష్ణ చివరి రెండు మాటలే విన్నాడు. ఆ వరండాలో నిలబడిన వాళ్ళందరూ అంతే, భయపడేదే చెవిన పడుతుంది. రాఘవమ్మ బెంచీ మీద నుంచి లేచింది.

"మా వంశంలో ఇట్టాంటివి లేవు డాక్టరమ్మా. ఏడు తరాలు వెతికినా లేవు. ఆ పిల్ల తట్టు నించి వచ్చుండాల. పెళ్ళికి ముందు వాళ్ళు మాకు ఏమీ చెప్పలేదే!"

"అది ఎవరి వైపు నుంచి వచ్చిందని ఇప్పుడు చెప్పడానికి లేదమ్మా."

"నువ్వు ఊరుకోమ్మా," అన్నాడు కొడుకు. సాహిరా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "కావలి స్కాను అయినప్పుడే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో మాట్లాడి పెట్టినాం. శనివారం పోయి తీయించేస్తాం. బుర్ర సరిగ్గా లేని బిడ్డని కని, రేపు మేం పోయినాక దాన్ని ఎవురు చూస్తారు?"

రిపోర్టు అందినట్టు సంతకం పెట్టమని రెబెక్కమ్మ కాగితం చాపింది. అతను కుడిచేత్తో సంతకం పెడుతుంటే తువ్వాలు కింద ఏదో మెలికలు తిరిగింది. కంగారులో మనిషికి చెయ్యి వణుకుతోంది కాబోలు అనుకుంది సాహిరా.

ఆమె లోపలికి వెళ్ళేసరికి కామాక్షి ఇంకా బల్ల మీదే ఉంది. పొట్ట మీద జెల్లు ఆరిపోయి తెల్లటి చారలు కట్టింది. తుడుచుకోమని ఆమెకి ఎవరూ గుడ్డ కూడా ఇవ్వలేదు.

"ఈ గోడ పల్చన డాక్టరమ్మా. అంతా ఇనపడింది," అంది కామాక్షి పైకప్పు వైపు చూస్తూ. "ఆయనకి చెప్పినారు, అత్తకి చెప్పినారు. బిడ్డ నా కడుపులో ఉంటే నాకు చెప్పలేదే!"

సాహిరాకి సిగ్గేసింది. పక్కనున్న గుడ్డ తీసుకుని ఆ పొట్టను తనే తుడిచింది.

*

బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళ, సెంటరు ఖాళీగా ఉన్నప్పుడు కామాక్షి ఒక్కతే బస్సెక్కి వచ్చింది. ఇంట్లో గుడికని చెప్పిందట. ఎండకి మొహం కందిపోయి ఉంది.

"ఒకసారి చూడాల డాక్టరమ్మా. శనివారం పోయేదే అయినా, చూడకుండా పంపించలేను."

సాహిరా తెర ఎప్పుడూ గోడ వైపే తిరిగి ఉంటుంది. వెంట వచ్చిన వాళ్ళు మెడలు సాచి ఆడో మగో వెతుక్కుంటారని ఆమె పెట్టుకున్న కట్టుబాటు అది. ఆ పూట ఆమె రెండు చేతులా తెర పట్టుకుని బల్ల వైపు తిప్పింది.

"తల ఒక్కటే చూపిస్తాను. ఇంకేమీ అడగొద్దు."

"నాకు తలే కావాల."

నల్లటి తెర మీద బిడ్డ తల నిండు చందమామలా తేలింది. సాహిరా రోజూ చూసేదే. అయితే ఆమె దానిలో ఎప్పుడూ తప్పులు వెతికేది, ఉన్నదాన్ని ఉన్నట్టు చూపించవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"ఈ తెల్ల గీత రెండు సగాలకీ మధ్య హద్దు. ఇటు చూడు, అంచున ఈ చిన్న నొక్కు ఉందే, పోయిన నెల అక్కడ ఏమీ లేదు, నున్నగా ఉండేది. ఇప్పుడు ముడత పడడం మొదలైంది. పుట్టేలోపు ఇట్లాంటి ముడతలు తల నిండా పడతాయి. ఎవరూ చెప్పకుండానే ఏ ముడత ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది."

చెబుతుంటే ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. పదిహేనేళ్ళుగా చూస్తున్నదే, చెప్పేసరికి ఒళ్ళు జలదరించింది.

"వంతెన యాడుండాల?"

"ఇక్కడ, మధ్యలో. నీ బిడ్డకి కట్టుకోలేదు."

"మరి ఈ పక్కన అనుకున్నది ఆ పక్కకి ఎట్టా పోతాది?"

"అవతలికి పోవలసిన నరాలు ఈ అంచు దాకా వస్తాయి. దారి లేదని ఆగిపోవు, చచ్చిపోవు. వెనక్కి తిరిగి తమ ఒడ్డు వెంబడే కట్టగా నడుచుకుంటూ పోతాయి. ఇంకా కింద ఉన్న చిన్న చిన్న దారులు వాడుకుంటాయి. మా నాన్నది సూళ్ళూరుపేట. శ్రీహరికోటకి రోడ్డు పడకముందు జనం పులికాటు సరస్సు మీద పడవల్లో పోయేవాళ్ళని చెప్పేవాడు. ఆలస్యమయ్యేదేమో, పోవడం మాత్రం ఆగలేదు."

కామాక్షి కళ్ళార్పకుండా తెర చూస్తోంది. సాహిరా ఆమె మొహం చూసి, చెప్పవలసిన మిగతా మాట కూడా చెప్పేసింది.

"అందరికీ పడవలు దొరుకుతాయని నేను మాట ఇవ్వలేను. కష్టపడే పిల్లలూ ఉంటారు. నీకు వద్దనిపిస్తే అది తప్పు కాదు, ఎవరూ నిన్ను ఒక మాట అనే పని లేదు. కావాలనిపిస్తే కూడా అంతే. చట్టం ప్రకారం సంతకం నీది."

"సంతకం నాదే డాక్టరమ్మా. ఇల్లు వాళ్ళది గదా."

అప్పుడే తెర మీద బిడ్డ కదిలింది. పిడికిలి ఒకటి పైకి లేచి విచ్చుకుంది, వేళ్ళు వేళ్ళుగా కనిపించింది. వెంటనే రెండోది కూడా లేచి అలాగే విచ్చుకుంది. రెండు చేతులూ మొహానికి చెరొక పక్కన ఆగాయి.

కామాక్షి ఒక్కసారిగా నవ్వింది. మంగళవారం నుంచి ఆ మొహం మీద నవ్వు రావడం అదే మొదలు.

"అచ్చం వాళ్ళ నాయన మాదిరే!"

"ఏది?"

"ఆ చేతులు. మా ఆయన ఒక చేత్తో ఏం జేస్తే రెండోది గూడా అదే చేస్తాది. కుడిచేత్తో అన్నం కలిపితే ఎడం చెయ్యి ఉత్తగాల్లో కలపతా ఉంటాది. పెళ్ళయిన కొత్తలో నాకు నవ్వాగేది కాదు. ఆయనకి సిగ్గు. అందుకే ఆ తువ్వాలు."

సాహిరా చేతిలో ప్రోబు ఆగిపోయింది. కడుపులో పిల్లలందరూ చేతులు అలా ఎత్తుతారు, దానికి అర్థమేమీ లేదు. అది ఆమెకి తెలుసు. కానీ సంతకం పెడుతుంటే తువ్వాలు కింద మెలికలు తిరిగింది వణుకు కాదన్నమాట. ఎప్పుడో చదివిన మాట ఒకటి ఆమెకి గుర్తొచ్చింది. కొన్ని కుటుంబాల్లో అద్దంలో చూసినట్టు కదిలే ఈ చేతులూ, వంతెన లేకపోవడమూ ఒకే గింజ నుంచి మొలుస్తాయి. ఆ కుటుంబాల్లో చాలామంది తమ తలలో ఏది లేదో తెలియకుండానే నిండు బతుకు బతికేస్తారు.

ఆ మాట పైకి అనలేదు. చూడకుండా ఆశ పెట్టడం ఆమెకి చేతకాదు.

*

గురువారం పొద్దున్నే సాహిరా నిమ్మకాయల యార్డుకి పోయింది. డాక్టరమ్మ తనే వచ్చి నిలబడేసరికి హమాలీలు దారి ఇచ్చారు. షెడ్డు నిండా గోతాల మీద కుప్పలు, పచ్చివి, పండువి కలగలిసి. ఆ వాసనకి ముక్కుపుటాలు చురుక్కుమన్నాయి.

పెంచలకృష్ణ ఒక కుప్ప ముందు గొంతుకూర్చుని కాయలు ఏరుతున్నాడు. తువ్వాలు మేకుకి తగిలించి ఉంది. కుడిచెయ్యి ఒక కాయ పట్టి, బొటనవేలితో ఒత్తి, కుడిపక్క గంపలో వేసింది. ఎడమ చెయ్యి కూడా ఒక కాయ పట్టి, ఒత్తి, ఎడమపక్క గంపలో వేసింది. అతని చూపు కుడి వైపే ఉంది. రెండు గంపలూ సమానంగా నిండుతున్నాయి. మధ్యలో కుడిచేత్తో చెవి గోక్కున్నాడు. ఎడమ చెయ్యి లేచి రెండో చెవి దగ్గరికి పోయింది.

"కృష్ణన్న ఒక్కడే ఇద్దరి కూలి చేస్తాడమ్మా," అన్నాడు ఒక హమాలీ. మిగతావాళ్ళు నవ్వారు. పెంచలకృష్ణ తలెత్తి సాహిరాని చూశాడు. చటుక్కున లేచి తువ్వాలు అందుకున్నాడు. ఇద్దరూ షెడ్డు బయటికి వచ్చారు.

"అది కప్పబాకండి," అంది సాహిరా. "కుడిచేతి బొటనవేలిని మిగతా వేళ్ళకి ఒక్కొక్కదానికీ తాకించండి."

అతను తాకించాడు. ఎడమ చేతి బొటనవేలు కూడా ఒక్కొక్క వేలినీ పలకరించుకుంటూ పోయింది.

"కామాక్షి చెప్పిందా?"

"చెప్పింది."

"పుట్టినకాడ్నించీ ఇంతే. ఇదేమన్నా జబ్బా డాక్టరమ్మా?"

"ఇన్నేళ్ళలో ఎవరికైనా చూపించారా?"

"ఏమని చూపించేది? సిగ్గు గదా." కుప్పల వైపు చూశాడు. "ఈడ ఒక్కచోటే దీన్తో పని."

"ఈ పూటే నెల్లూరు పోయి మీ తలకి ఎమ్మారై తీయించుకోండి. నేను ఫోన్ చేసి చెప్తాను."

"నా తలకేమయింది?" అతనికి కోపం వచ్చింది. "బిడ్డ తల బాగలేదంటే నా తల తీయించమంటారేంది?"

"మీ తలకి ఏమీ కాలేదు. అందుకే తీయించమంటున్నాను."

ఆ మాట అతనికి అర్థం కాలేదు. సాహిరా విడమర్చి చెప్పలేదు. బిడ్డ బొమ్మ చదవడానికి మీ బొమ్మ కావాలి, శనివారం లోపల కావాలి, అంది. పెంచలకృష్ణ చాలాసేపు తన ఎడమ చేతిని చూసుకున్నాడు. తర్వాత హమాలీని పిలిచి, లోడు సంగతి చూడమని చెప్పాడు.

*

శుక్రవారం సాయంత్రం ముగ్గురూ వచ్చారు. సాహిరా వరండాలోకి రాలేదు. ముగ్గురినీ లోపలికి పిలిచి, కామాక్షిని తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నేను ఈ అమ్మాయికి చెప్తాను. మీరిద్దరూ వినండి," అంది. రాఘవమ్మ మూతి బిగించుకుంది. రెబెక్కమ్మ తలుపు దగ్గరకి వేసి గోడకానుకుని నిలబడింది.

సాహిరా తెర మీద బుధవారం నాటి బిడ్డ తల పెట్టింది. పెంచలకృష్ణ తెచ్చిన ఫిల్ము తీసి పక్కనున్న లైటు పెట్టెకి తగిలించింది. తగిలించి, తనే ఒక అడుగు వెనక్కి వేసింది. ఊహించిందే అయినా.

నీటి గదులు రెండూ ఒకదానికొకటి దూరంగా, పక్కపక్కన నడిచే రైలు పట్టాల్లా ఉన్నాయి. మధ్యలో వంతెన లేదు. మొదలూ లేదు, చివరా లేదు. ఈ తలతో ఈ మనిషి నడక నేర్చాడు, ఎక్కాలు నేర్చాడు, మోటారు సైకిలు నడిపాడు, ఢిల్లీ సేట్లతో ఫోనులో హిందీలో బేరాలాడాడు. తన ఎదురుగా ఇప్పుడు చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఇంత చదివీ మెదడు గురించి తనకి తెలిసింది ఎంత తక్కువో సాహిరాకి ఆ నిమిషాన తెలిసింది. ఆ తెలియడంలో ఏదో సంతోషం ఉంది.

"కామాక్షీ, ఇది నీ బిడ్డది. ఇది మీ ఆయనది. చూడు."

కామాక్షి రెండూ మార్చి మార్చి చూసింది. బుధవారం నేర్చుకున్న చోటు కోసం వేలితో గాలిలో వెతికి, అక్కడ ఆగింది.

"ఈయనకీ లేదు," అంది.

"ఏంది లేదు?" అన్నాడు పెంచలకృష్ణ.

"వంతెన," అంది సాహిరా. "మీకూ లేదు. మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచీ లేదు."

పెంచలకృష్ణ కుడిచేత్తో తల తడుముకున్నాడు. తువ్వాలు జారిపోయి ఎడమ చెయ్యి కూడా లేచి తలకి ఆ పక్కన ఆనింది. తన తలని తనే రెండు చేతులా పట్టుకుని ఫిల్ము వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మరి నేనెట్టా..." అన్నాడు.

"అదే నాకూ ఆశ్చర్యం," అంది సాహిరా. "మీ చేతులు ఒకటిగా కదలడమూ దీనివల్లే కావచ్చు. బిడ్డకి మీ నుంచే వచ్చి ఉండాలి. అట్లా వచ్చినప్పుడు ఎక్కువమంది మీలాగే ఉంటారు. అయినా నేను గ్యారంటీ ఇవ్వలేను. మీకన్నా కాస్త ఎక్కువ కష్టపడొచ్చు, తక్కువా పడొచ్చు. వంశంలో వచ్చేదేనా అని తేల్చే రక్తపరీక్ష ఒకటి ఉంది, దాని ఫలితం రేపటికి రాదు. నాకు తెలిసింది ఇంతే."

రాఘవమ్మ గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయింది. రెబెక్కమ్మ నీళ్ళు తెచ్చింది. ఆమె గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"బళ్ళో వేసేటప్పుడు వీడు పలక మీద రాస్తావుంటే ఆ చెయ్యి గూడా గాల్లో రాసేది," అంది ఎవరి వైపూ చూడకుండా. "అయ్యవారు నవ్వినాడు. పిలకాయలంతా నవ్వినారు. నేను చీర పీలిక చించి ఆ చేతిని వీడి నడుముకి కట్టేసినాను. ఎన్నాళ్ళో కట్టేసినాను. విప్పమని ఏడ్చేవాడు. ఇది మన ఇంట్లోదే, నాకు తెలవలేదు."

మంగళవారం ఏడు తరాల మాట అన్నది ఈ మనిషేనా అనిపించింది సాహిరాకి. ఆమె మీద కోపం ఎక్కడికి పోయిందో పోయింది.

కామాక్షి కుర్చీలోంచి మెల్లగా లేచి, ఒక చేత్తో నడుము పట్టుకుని అత్త ముందు నిలబడింది. గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"అత్తా, ఆ రోజుల్లో ఈ మిషనుండి, ఎవురన్నా ఈ బొమ్మ చూపించుంటే, ఈయన్ని తీయించేసుందువా?"

రాఘవమ్మ కొడుకు మొహంలోకి చూసింది. గ్లాసు పక్కన పెట్టి చెయ్యి చాచింది. పెంచలకృష్ణ వచ్చి తల్లి ముందు గొంతుకూర్చున్నాడు, యార్డులో కుప్ప ముందు కూర్చున్నట్టే. ఆమె అతని కుడిచేతిని పక్కకి నెట్టి ఎడమ చేతిని తీసుకుంది. ఆ మణికట్టు మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది, కట్టు గుర్తు ఇంకా ఉన్నట్టు.

"రేపు నెల్లూరు వద్దు," అన్నాడు పెంచలకృష్ణ నేల చూస్తూ. అని, తలెత్తి కామాక్షిని చూశాడు. "నువ్వేమంటావు?"

ఆ మాట ఆ ఇంట్లో ఆమెని అడగడం అదే మొదలు అయి ఉండాలి. కామాక్షి తెర మీద బిడ్డ తలని ఇంకొకసారి చూసుకుంది.

"నేను బుధవారమే సంతకం పెట్టనని అనుకున్నా," అంది. "నువ్వు అడిగేదాకా ఉందామని చెప్పలేదు."

పెంచలకృష్ణ ఎడమ చెయ్యి తల్లి చేతిని గట్టిగా పట్టుకుంది. అటు పక్కన కుడిచెయ్యి కూడా దానంతట అదే విచ్చుకుని, ఏమీ లేని గాలిని పట్టుకోబోయింది. అది మూసుకునేలోపే కామాక్షి అందులో తన చెయ్యి పెట్టింది.